పెరటి చెట్టు – అడవి వాటా

పాఠ్యభాగ పరిచయం

పెరటిలో పండ్ల చెట్టును పెంచుకోవడం తెలుగునాట తరతరాలుగా వస్తున్న అలవాటు. ఇటీవలి దశాబ్దాలలో కోతులు మొదలైన వన్యప్రాణుల బెడద వల్ల ఈ అలవాటు క్రమంగా సన్నగిల్లుతున్నది. ఈ సమస్యకు మూలమేమిటి, ఇంటి స్థాయిలో ఏ జాగ్రత్తలు ఫలిస్తాయి, ఊరంతా కలిసి చేయవలసిన పని ఏది అనే విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. పండును దక్కించుకుంటూనే ప్రాణికి హాని కలగకుండా మెలగడం ఎట్లాగో విద్యార్థులకు తెలియజెప్పడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

‘పెరటి చెట్టు మందుకు రాదు’ అని సామెత. చేరువలో ఉన్నదాని విలువను మనిషి గుర్తించడని దాని భావం. మందు మాట ఎట్లా ఉన్నా, పెరటి చెట్టు ఇంటిల్లిపాదికీ ఆహారమై నిలిచిందనడంలో సందేహం లేదు. గిన్నెలు కడిగిన నీటితోనే అరటి గెల వేస్తుంది. బావి గట్టున జామచెట్టు ఎవరి సేవనూ కోరకుండా కాస్తుంది. నారింజలో కంటె జామపండులో సి విటమిన్ అధికం. కంటిచూపునకు అవసరమైన ఎ విటమిన్‌గా శరీరంలో మారే పదార్థం బొప్పాయిలో ఉంది. బజారులో పండు కొనడానికి వెనుకాడే కుటుంబంలోని పసిపిల్లలకు ఈ పోషకాలను పైసా ఖర్చు లేకుండా అందించింది పెరడే. ఇరుగుపొరుగులకు పంచిన పండ్లతో స్నేహాలు కూడా పండాయి.

అటువంటి చెట్టును ఇంటివారే నరికివేయడం నేడు అనేక గ్రామాలలో, చిన్న పట్టణాలలో కనిపిస్తున్నది. చెట్టున కాయ ఉంటే కోతులు వస్తాయి. కోతులు వస్తే ఇంటి పెంకులు పగులుతాయి, ఆరవేసిన వడియాలు మాయమవుతాయి, ముసలివారు వాకిట కూర్చోవడానికి జంకుతారు. పండు దక్కకపోగా ప్రమాదం దాపురిస్తున్నప్పుడు చెట్టెందుకనే నిర్ణయానికి గృహస్థులు వస్తున్నారు. ఈ నష్టం బుట్టెడు పండ్లతో ఆగేది కాదు. చెట్టు నాటే అలవాటు ఒక తరంలో తెగిపోతే తరువాతి తరానికి దానిని తిరిగి నేర్పడం కష్టం.

రక్షణకు మొదటి మెట్టు, వచ్చే ప్రాణి ఏదో గుర్తించడం. ప్రతి ప్రాణీ చెట్టుకింద తన గుర్తును విడిచిపోతుంది. జామపండుకు ఒక పక్క పంటితో గీరినట్లు గుండ్రని రంధ్రం ఉంటే అది ఉడుత పని. సగం కొరికి నేలరాల్చిన పచ్చికాయలు రామచిలుకల జాడను తెలుపుతాయి. తెల్లవారేసరికి చెట్టుకింద నమిలి ఉమిసిన పీచు ముద్దలు కనబడితే రాత్రి గబ్బిలాలు వచ్చాయని గ్రహించాలి. గబ్బిలం పండు రసాన్ని పీల్చుకొని పిప్పిని వదలివేస్తుంది. కొమ్మలు విరిగి, ఒక్క కొరుకు కొరికి పారవేసిన కాయలు నలుదిక్కులా పడి ఉంటే వచ్చింది కోతుల దండు. అడవులకు, కొండలకు చేరువలో ఉన్న ఊళ్లలో అతిథులు మరింత పెద్దవారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో జీడిమామిడి, పనస తోటలలోకి ఎలుగుబంట్లు వస్తాయి. అక్కడ సమస్య పండుతో ముగియదు, మనుషుల ప్రాణాల దాకా వస్తుంది.

వీటన్నిటిలో ఎక్కువ ఇళ్లను బాధిస్తున్నది కోతి. తెలుగు ప్రాంతాలలో ప్రధానంగా రెండు జాతుల కోతులున్నాయి. తలమీద టోపీ పెట్టినట్లు పాయ తీసిన జుట్టు, పొడవైన తోక ఉన్నది బోనెట్ కోతి. ఇది దక్షిణ భారతదేశంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా కనిపించదు. పొట్టి తోక, ఎర్రని ముఖం ఉన్నది రీసస్ కోతి. ఇది ఉత్తరాది జాతి అయినప్పటికీ క్రమంగా దక్షిణానికి విస్తరిస్తున్నది. రెండింటికీ బుగ్గలలో సంచులున్నాయి. దొరికిన ఆహారాన్ని గబగబా బుగ్గలలో కుక్కుకొని, సురక్షితమైన చోటికి చేరి తీరికగా నమలడం వాటి పద్ధతి. అందువల్ల కాపలావాడు కర్ర అందుకొనే లోపలే చెట్టు ఖాళీ అవుతుంది.

అడవిలో ఉండవలసిన కోతి ఊరికి ఎందుకు వచ్చింది? పూర్వం బాటలకు ఇరువైపులా మర్రి, రావి, మేడి, నేరేడు, చింత చెట్లుండేవి. ఇవి కోతులకు ఆహారాన్ని, ఆవాసాన్ని ఇచ్చేవి. రోడ్లు వెడల్పు చేసినప్పుడు ఆ చెట్లు పోయాయి. వాటి స్థానంలో నాటినవి చాలాచోట్ల పూలకో, నీడకో పనికివచ్చేవే తప్ప తినదగిన కాయ కాసేవి కావు. అడవిలో కూడా పండ్ల చెట్లు తగ్గాయి. మరొకవైపు ఆలయాల వద్ద, కనుమదారులలో ప్రయాణికులు పుణ్యమనుకొని అరటిపండ్లు, బిస్కట్లు పంచడం పెరిగింది. ఊరి చివర చెత్తకుప్పలు నిత్యాన్నదాన సత్రాలయ్యాయి. శ్రమ లేకుండా బలమైన తిండి దొరికిన చోట కోతుల సంతతి త్వరగా పెరుగుతుంది. చేతితో తిండి పెట్టిన మనిషిని చూసి అది భయపడడం మానేస్తుంది. ‘తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచింది’ అని సామెత చెబుతుంది. వనం చెడిన తరువాత ఊరికి వచ్చిన కోతికి మాత్రం ఆ సామెత చెల్లదు.

కోతులు తోటను కొల్లగొట్టడం కొత్త విషయం కాదు. వాల్మీకి రామాయణంలోని సుందరకాండలో మధువన ఘట్టం ఇందుకు సాక్ష్యం. హనుమంతుడు సీత జాడ తెలుసుకొని రాగానే అంగదాది వానరులు ఆనందం పట్టలేక సుగ్రీవుని మధువనంలో ప్రవేశించి, తేనెలు తాగి, ఫలాలు ఆరగించి, చెట్లు విరిచారు. కావలివాడైన దధిముఖుడు అడ్డగించి, దెబ్బలు తిని, రాజుతో మొరపెట్టుకున్నాడు. కార్యం సాధించనిదే వానరులు ఇంతటి సాహసానికి ఒడిగట్టరని ఊహించి సుగ్రీవుడు సంతోషించాడు. రాజునకు ఆ ఔదార్యం తగినదే. అయితే నాలుగు జామపండ్లే ఆస్తిగా ఉన్న గృహస్థుడు దధిముఖుని స్థానంలో ఉన్నాడు. అతని మొర కూడా వినదగినదే.

ఇంటి స్థాయిలో చేయదగిన పనులు అనేకం. కాయ నిమ్మకాయంత పరిమాణంలో ఉన్నప్పుడే దానికి కాగితపు సంచి గాని, పాత చీర గుడ్డతో కుట్టిన సంచి గాని తొడిగితే ఉడుతల, చిలుకల బెడద తగ్గుతుంది. పండు ఈగ కూడా వాలదు. జామకు, దానిమ్మకు ఇది అనువైన పద్ధతి. ఒంటరిగా ఉన్న చెట్టు మొదలుకు, నేలనుండి సుమారు నాలుగైదు అడుగుల ఎత్తున, రెండు అడుగుల వెడల్పు గల నున్నని రేకు చుట్టితే ఎలుకలు, ఉడుతలు పైకి పాకలేవు. కొబ్బరిచెట్లకు ఈ ఉపాయాన్ని రైతులు ఎంతోకాలంగా వాడుతున్నారు. పక్క చెట్టు కొమ్మ గాని, గోడ గాని దానికి తగిలి ఉంటే రేకు వల్ల ప్రయోజనం లేదు. గబ్బిలాల కోసం వల కప్పేవారు చిటికెన వేలు దూరనంత సన్నని కన్నులున్న వలను బిగువుగా కట్టాలి. వదులుగా వేలాడే పెద్ద కన్నుల వలలో గబ్బిలాలు, పక్షులు చిక్కుకొని చనిపోతాయి.

కొన్ని పండ్లను చెట్టున పండనివ్వకుండానే కోసి ఇంట మాగబెట్టవచ్చు. మామిడి, సపోటా, సీతాఫలం, అరటి, బొప్పాయి ఈ కోవకు చెందినవి. సీతాఫలం కళ్లు విచ్చుకొని వాటి నడుమ పసుపు చాయ కనిపించినప్పుడు, సపోటా తొక్కను గోటితో గీరితే లోపల ఆకుపచ్చదనం కనిపించనప్పుడు, అరటికాయ పలకలు తీరి గుండ్రబడినప్పుడు కోయాలి. పరువానికి వచ్చిన కాయను ఒకటి రెండు రోజుల ముందు కోయగలిగినవానికి సగం కాపలా తప్పుతుంది. దానిమ్మ, నారింజ, ద్రాక్ష కోసిన తరువాత మాగవు. వాటికి సంచియో వలయో తప్పదు.

కోతులకు వల ఆటవస్తువు. దానిని అవి చింపివేస్తాయి. చెట్టును ఎత్తు పెరగనివ్వకుండా కత్తిరించి, ఇనుప జాలీతో గూడు కట్టడం ఖర్చుతో కూడినదైనా నమ్మదగినది. దిష్టిబొమ్మలు, మెరిసే రిబ్బన్లు, పులి బొమ్మలు మొదట భయపెడతాయి గాని, వాటిని కదలకుండా ఒకేచోట ఉంచితే కోతులు కొద్దికాలంలోనే అలవాటుపడతాయి. నిమ్మ, మిరప, పసుపు, అల్లం, కాకర వంటివాటి జోలికి కోతులు సాధారణంగా తక్కువగా వస్తాయని రైతుల అనుభవం. పెరటి అంచులలో వీటిని పెంచుకోవచ్చు.

చేయకూడని పనులు కూడా ఉన్నాయి. పండులో విషం పెట్టడం, ఉచ్చులు పన్నడం క్రూరత్వం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం హింసను నేరంగా పరిగణిస్తుంది. ఇంటి కరెంటును తిన్నగా తీగకు కలపడం మరింత ఘోరం. దానికి జంతువులతో పాటు మనుషులు కూడా బలి అవుతున్నారు. కోతులను తరమడానికి కొండముచ్చును గొలుసుతో కట్టి తిప్పే పద్ధతి కొన్ని ఊళ్లలో ఉంది. కొండముచ్చు కూడా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ పొందిన ప్రాణి. ఢిల్లీలో చాలాకాలం సాగిన ఈ పద్ధతిని 2012లో కేంద్ర పర్యావరణ శాఖ ఆపించింది. తరువాత అక్కడ కొండముచ్చు అరుపును అనుకరించే మనుషులను నియమించారు.

గబ్బిలాన్ని చూసి అపశకునమని రాయి విసరడం కూడా తగదు. చట్టం సైతం పండ్లు తినే గబ్బిలాలను చాలాకాలం హానికర జీవుల పట్టికలో ఉంచింది. 2022 సవరణతో ఆ పట్టిక తొలగిపోయింది. ఇప్ప, బూరుగు వంటి చెట్ల పరాగసంపర్కానికి, అనేక అడవి చెట్ల బీజవ్యాప్తికి గబ్బిలాలు తోడ్పడతాయి. అట్లని అవి కొరికిన పండును తినరాదు. 2018లో కేరళలోని కోజికోడ్ ప్రాంతంలో ప్రాణాలు తీసిన నిపా వైరస్‌కు పండ్లు తినే గబ్బిలాలే సహజ ఆశ్రయాలు. ఏ ప్రాణి కొరికిన పండునైనా పారవేయడమే క్షేమం. కోతి కరిచినా, రక్కినా గాయాన్ని పదిహేను నిమిషాలపాటు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా విషయం వైద్యుణ్ణి అడగాలి.

ఎన్ని జాగ్రత్తలు తీసుకొన్నా ఒక ఇంటి ప్రయత్నం ఊరి సమస్యను తీర్చలేదు. ఒకరు జాలీ కట్టుకొంటే కోతులు పొరుగింటికి పోతాయి. పది ఇళ్లవారు తరిమినా, పదకొండవ ఇంటివారు అన్నం పెడితే అవి తిరిగి వస్తాయి. పట్టి మరొక ఊరి పొలిమేరలో విడిచిపెట్టడం వల్ల కష్టం చేతులు మారుతుందే గాని తీరదు. హిమాచల్ ప్రదేశ్‌లో 2016లో సిమ్లా నగర పరిధిలో కోతులను హానికర జీవులుగా ప్రకటించినా, వాటిని చంపడానికి అధికసంఖ్యాకులు ముందుకు రాలేదు. సంతాన నిరోధక శస్త్రచికిత్సలే మేలైన మార్గమని భావించి, తెలంగాణలో 2020 డిసెంబరులో నిర్మల్ సమీపాన చించోలి వద్ద కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రాన్ని ప్రారంభించారు. శస్త్రచికిత్స జరిగిన కోతి కూడా బతికినన్నాళ్లూ తింటూనే ఉంటుంది. కనుక ఫలితం కనిపించడానికి ఏళ్లు పడుతుంది. 2015లో మొదలైన హరితహారం కార్యక్రమంలో భాగంగా అడవులలో కోతుల కోసం పండ్ల మొక్కలు నాటడం ఈ సమస్య మూలాన్ని తాకిన ప్రయత్నం.

గ్రామసభ తలపెడితే కొన్ని పనులు రేపే మొదలుపెట్టవచ్చు. చెత్తను మూతగల తొట్లలో వేయడం, కోతులకు తిండి పెట్టరాదని ఆలయం వద్ద, బస్సు నిలిచే చోట కట్టుబాటు చేయడం, చెరువుగట్టు మీద, ఊరికి దూరంగా ఉన్న బంజరులో మేడి, నేరేడు, రావి నాటడం అటువంటివి. వరికోతలైన తరువాత పిచ్చుకల కోసం ఇంటి చూరుకు కంకుల కుచ్చును వేలాడదీసిన సంస్కృతి తెలుగువారిది. పక్షికి వాటా ఇవ్వడం ఆ పెద్దలకు తెలుసు. ఆ వాటాను ఎక్కడ ఉంచాలో కూడా తెలుసు. వారు దానిని చూరుకు కట్టారే గాని, ధాన్యపు గాదె తలుపు తెరిచి పెట్టలేదు. అడవి వాటాను అడవిలో పెంచి ఇచ్చిననాడు పెరటి జామపండు మళ్లీ ఆ ఇంటి పసివాని చేతికి అందుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

సన్నగిల్లు = తగ్గిపోవు, క్షీణించు
దాపురించు = (కీడు) వచ్చిపడు
ఆవాసం = నివసించే చోటు
ఔదార్యం = ఉదార గుణం, దాతృత్వం
మాగబెట్టు = కోసిన కాయను పండేటట్లు చేయు
పరువం = తగిన దశ
బీజవ్యాప్తి = విత్తనాలు పలుచోట్లకు చేరడం
చూరు = ఇంటి కప్పు అంచు
గాదె = ధాన్యం నిలువచేసే కట్టడం

ప్రశ్నలు

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కోతులు ఊళ్లలోకి రావడానికి గల కారణాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. పెరటి పండ్లను కాపాడుకోవడానికి చేయదగిన, చేయకూడని పనులను తెలియజేయండి.

ఆ. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. చెట్టుకింది గుర్తులను బట్టి వచ్చిన ప్రాణిని ఎట్లా గుర్తించవచ్చు?
2. మధువన ఘట్టాన్ని సంగ్రహంగా రాయండి.

ఇ. సందర్భ సహిత వ్యాఖ్యలు
1. ‘అతని మొర కూడా వినదగినదే.’
2. ‘కష్టం చేతులు మారుతుందే గాని తీరదు.’

ఈ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. మధువనానికి కావలివాడు ఎవరు?
2. కోసిన తరువాత మాగని పండ్లు ఏవి?