పాత మియాటాకి ఏ చక్రం, ఎంత ఎత్తు: కొన్ని అనుభవ పాఠాలు

మిషిగన్‌లో మా తెలుగు కుటుంబాల పిల్లలకి ఉద్యోగం వచ్చి నాలుగు డబ్బులు చేతిలో ఆడగానే మనసు పాత స్పోర్ట్స్ కారు మీదికి పోతుంది. ఎక్కువమంది కొనేది మొదటి తరం మజ్దా మియాటా. 1989లో షికాగో ఆటో షోలో జనం ముందుకొచ్చిన రెండు సీట్ల బుల్లి కారు అది. కొన్న వారంలోనే ఫోను వస్తుంది: "అంకుల్, ఎన్ని ఇంచీల చక్రాలు వేయించమంటారు? ఎంత కిందకి దించమంటారు?" నా ఉద్యోగ జీవితమంతా సస్పెన్షన్ పనిలోనే గడిచింది. ఆ కారంటే నాకు చాలా ఇష్టం. అందుకే ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పేదాన్ని ఇక్కడ ఒక వరసలో పెడుతున్నాను.

1. ముందు రోడ్డు చూడండి

ఇక్కడ మార్చి నెల వచ్చిందంటే పగలు కరిగిన మంచు నీరు రోడ్డు పగుళ్ళలోకి దిగుతుంది. రాత్రికి గడ్డకట్టి ఉబ్బుతుంది. అలా పదేపదే జరిగేసరికి తారు లేచిపోయి గుంతలు పడతాయి. ఆ రోడ్ల మీద రోజూ ఆఫీసుకి వెళ్ళే కారుకీ, ఆదివారం ఖాళీ పార్కింగ్ స్థలంలో కోన్‌ల మధ్య ఆటోక్రాస్ ఆడే కారుకీ ఒకే ఎత్తు కుదరదు. ఆ రెండు పనులూ ఒకే కారుతో చేస్తారా? అయితే ఆఫీసు రోడ్డు ఒప్పుకున్నంతే దించండి.

2. ఫ్యాక్టరీ ఇచ్చినదాన్ని చిన్నచూపు చూడకండి

ఈ కారుకి మొదట ఇచ్చినది 14 ఇంచీల చక్రం, ఐదున్నర ఇంచీల వెడల్పు, 185/60 టైరు. ఆ ఏడు రేకుల అల్లాయ్ చక్రం బరువు సుమారు ఐదున్నర కిలోలు. బజారులో దొరికే చాలా 17 ఇంచీల చక్రాలు దానికన్నా ఎంతో బరువు. కారు మొత్తం టన్ను లోపే కాబట్టి చక్రం దగ్గర ఒక్కో కిలోకీ విలువ ఉంటుంది. చక్రం బరువు స్ప్రింగు మోసేది కాదు. అది స్ప్రింగుకి కింద ఉండి గతుకు తగిలినప్పుడల్లా పైకి ఎగురుతుంది. దాన్ని మళ్ళీ నేలకి తేవాల్సిన పని షాక్ అబ్సార్బర్ మీద పడుతుంది. పైగా చక్రం తిరుగుతుంది కూడా. అంచు దగ్గర పెరిగిన బరువుని వేగం అందుకున్నప్పుడల్లా ఇంజను తిప్పాలి, బ్రేకు వేసినప్పుడల్లా ఆపాలి.

మజ్దా ఇంజనీర్లు ఈ విషయంలో ఎంత పట్టింపుగా ఉండేవారో తెలియాలంటే నాలుగో తరం కారు చూడండి. మూడో తరంలో చక్రానికి ఐదు బోల్టులు పెట్టినవాళ్ళు, బరువు తగ్గించడానికి మళ్ళీ నాలుగుకి వచ్చారు.

3. టైరు తేల్చాకే రిమ్ము

చాలామంది ముందు రిమ్ము కొని, తర్వాత దానికి పట్టే టైరు వెతుకుతారు. ఇది తిరగబడాలి. రోడ్డుని పట్టుకునేది టైరు. మీకు కావలసిన మంచి రబ్బరు ఏ సైజులో తయారవుతుందో ముందు చూడండి. మొదటి తరం మియాటాకి నా సలహా 15 ఇంచీలే. లెక్క చూడండి: 185/60-14 టైరు మొత్తం వ్యాసం దాదాపు 578 మిల్లీమీటర్లు, 195/50-15ది 576. రెండు మిల్లీమీటర్ల తేడా. స్పీడోమీటరు అబద్ధం చెప్పదు, గేర్ల బలం మారదు. అదే 205/40-17 వేస్తే వ్యాసం 596కి పోతుంది. అంటే ప్రతి గేరూ మూడు శాతం పొడవైనట్టే. 1.6 లీటర్ల చిన్న ఇంజనుకి ఆ భారం తెలుస్తుంది.

ఇక టైరు పక్క గోడ. ఫ్యాక్టరీ టైరుకి అది 111 మిల్లీమీటర్లు, 17 ఇంచీల దానికి 82. ఆ గోడ కూడా ఒక స్ప్రింగే. మార్చి గుంతలో దెబ్బ ముందుగా తినేది అదే. అది పల్చబడితే ఆ దెబ్బ రిమ్ముకి చేరుతుంది. వంకర పోయిన పెద్ద చక్రాలు మా ఊరి టైర్ల షాపుల ముందు ప్రతి వసంతంలోనూ వరసగా ఆనించి కనిపిస్తాయి.

4. వెడల్పు ఒక్కటే అడగకండి, ఆఫ్‌సెట్ కూడా అడగండి

చక్రం హబ్బుకి ఆనే తలం, చక్రం నడి మధ్య గీతకి ఎంత దూరంలో ఉందో అది ఆఫ్‌సెట్. మియాటా ఫ్యాక్టరీ చక్రానికి 45 మిల్లీమీటర్లు. దాని బదులు 15 ఇంచీల చక్రం, 7 ఇంచీల వెడల్పు, 35 ఆఫ్‌సెట్ తీసుకున్నారనుకోండి. లోపలి అంచు సస్పెన్షన్ వైపు 9 మిల్లీమీటర్లు జరుగుతుంది, బయటి అంచు ఫెండర్ వైపు 29 మిల్లీమీటర్లు జరుగుతుంది. కాగితం మీద ఈ రెండంకెలూ వేసుకోకుండా డబ్బు కట్టకండి. నిలబడి ఉన్న కారులో ఖాళీ కనిపించినా సరిపోదు. చక్రం పూర్తిగా పైకి లేచినప్పుడు, స్టీరింగ్ చివరికంటా తిప్పినప్పుడు కూడా ఖాళీ ఉండాలి. స్ప్రింగు తీసేసి, చక్రాన్ని జాకీతో పైకెత్తి చూస్తే నిజం తెలుస్తుంది.

హబ్బు రంధ్రం 54.1 మిల్లీమీటర్లు. కొత్త చక్రం రంధ్రం అంతకన్నా పెద్దదైతే మధ్యలో సరైన రింగు వేయించండి. లేకపోతే హైవే వేగంలో స్టీరింగ్ వణికే ప్రమాదం ఉంది.

5. కారు ఎత్తంటే చక్రం కదిలే చోటు

పిల్లలతో నేను ఎక్కువసేపు మాట్లాడేది దీని గురించే. ఫెండర్‌కీ టైరుకీ మధ్య ఖాళీ చూసి కారు ఎత్తుగా ఉందని వాళ్ళకి అనిపిస్తుంది. ఆ ఖాళీని ఇంజనీర్లు ఊరికే వదల్లేదు. గతుకు తగిలినప్పుడు చక్రం పైకి వెళ్ళేది అక్కడికే. ఎంత దించితే అంత చోటు తగ్గుతుంది. ఆ చోటు అయిపోయాక షాక్ మీదున్న రబ్బరు బంప్ స్టాప్ తగులుతుంది. అక్కడి నుంచి మెత్తని స్ప్రింగు పోయి గట్టి దిమ్మ మీద నడిచినట్టవుతుంది. మలుపు మధ్యలో ముందు చక్రం స్టాప్‌కి తగిలితే కారు తిరగనంటుంది. వెనక చక్రం తగిలితే తోక జారుతుంది. పొట్టి కారు, వెనక చక్రాలతో నడిచే కారు, వాన పడుతోంది. ఇక ఆలోచించండి.

చోటు తగ్గితే స్ప్రింగు గట్టిపడాలి. ఎంత గట్టిపడాలి? సెకనుకి 1.2 సార్లు ఊగే మెత్తని కారులో చక్రం మీద భారం ఒక్కసారి రెట్టింపైతే, బంప్ స్టాప్‌ని లెక్కలోకి తీసుకోకపోతే, చక్రం 170 మిల్లీమీటర్లకి పైగా కదలాలి. సెకనుకి 2 సార్లు ఊగేంత గట్టి స్ప్రింగైతే 60 మిల్లీమీటర్ల పైచిలుకు చాలు. కనుక దించడం, గట్టి స్ప్రింగు, దానికి సరిపడే షాక్, ఈ మూడూ కలిసే రావాలి. పాత షాక్ ఉంచేసి స్ప్రింగు చుట్లు కోయించే పని దయచేసి ఎవరూ చేయకండి.

కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు-షాక్ జతలు) కొనేవాళ్ళకి ఒక మాట. కొన్నిటిలో స్ప్రింగు కూర్చునే పళ్ళెం మాత్రమే కిందకి జరుగుతుంది. వాటితో దించితే షాక్ ప్రయాణం, అంటే అది కదిలే చోటు, తగ్గిపోతుంది. మరికొన్నిటిలో షాక్ మొత్తం కింది బ్రాకెట్‌లో మరల మీద దిగుతుంది. అందులో షాక్ ప్రయాణం పోదు. రెండో రకానికి డబ్బు పెట్టడం న్యాయం. రెండో తరం మియాటా షాక్‌ల పై మౌంట్లు మొదటి తరానికి పడతాయి, కొంచెం అదనపు ప్రయాణం కూడా ఇస్తాయి. తక్కువ ఖర్చులో ఇంత మేలు చేసే మార్పు ఇంకొకటి నాకు తెలియదు. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు ఆ మరల్ని పట్టేస్తుంది. ఏటా కడిగి, గ్రీజు రాయండి.

6. కింది ఆర్మ్ వాలు చూడండి

కారుకి ఎదురుగా వంగి చూడండి. కింది కంట్రోల్ ఆర్మ్ చక్రం వైపు చివర, చాసిస్ వైపు చివరకన్నా కాస్త కిందుగానో సమానంగానో ఉండాలి. అది పైకి లేచిందంటే మరీ ఎక్కువ దించారని అర్థం. కారు బరువు కేంద్రం కిందకి దిగింది నిజమే, కానీ కారు ఒరిగే కేంద్రం అంతకన్నా ఎక్కువ దిగిపోతుంది. రెంటి మధ్య దూరం పెరిగి, దించిన కారు ఒరగడానికి ఇంకా ఎక్కువ చూస్తుంది.

7. కొలత నేల నుంచి కాదు

చక్రం నడిబొడ్డు నుంచి ఫెండర్ అంచుదాకా కొలవండి. టైరు మారినా గాలి తగ్గినా ఆ కొలత మారదు. సగం ట్యాంకు పెట్రోలు, డ్రైవరు సీటులో మీ బరువుకి సమానమైన ఇసుక బస్తాలు పెట్టి కొలవాలి.

8. బుష్ బోల్టులు చివర బిగించండి

దీన్ని మెకానిక్కులు కూడా వదిలేస్తుంటారు. ఆర్మ్‌లలో రబ్బరు బుష్ లోపలి గొట్టానికి అతుక్కుని ఉంటుంది. కారు లిఫ్ట్ మీద వేలాడుతుండగా బోల్టు బిగిస్తే, నేల మీదకి దిగాక రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. ఎత్తు తప్పుగా చూపిస్తుంది, కొన్నాళ్ళకి చిరుగుతుంది. చక్రాల మీద కారు నిలబడ్డాక, అన్నీ సర్దుకున్నాక బిగించండి. ఆ తర్వాతే అలైన్‌మెంట్. దించిన కారుకి టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పితే లోపలి అంచు మీద టైరు అరిగిపోతుంది, బయటి నుంచి చూస్తే కనపడదు.

9. హైదరాబాదు, విజయవాడల్లో ఉన్నవాళ్ళకి

మియాటా అక్కడ అమ్మరు గానీ ఇవే ప్రశ్నలు వేరే కార్ల గురించి వస్తుంటాయి. ముందు చట్టం. కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. సుప్రీంకోర్టు 2019లో దాన్నే గట్టిగా చెప్పింది. మార్చే ముందు ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర అడగండి. రెండోది స్పీడ్ బ్రేకర్. ప్రమాణం ప్రకారం కట్టినదే 10 సెంటీమీటర్ల ఎత్తుంటుంది, కాలనీల్లో జనం సొంతంగా కట్టుకునేవి వేరే సంగతి. ముందు చక్రాలు దాటి, వెనకవి ఇంకా ఎక్కని క్షణంలో కారు పొట్ట కింద ఎంత ఖాళీ మిగులుతుందో మీ వీధి చివర బ్రేకర్ దగ్గర స్కేలు పెట్టి కొలిచి, అప్పుడు స్ప్రింగులు ఆర్డర్ చేయండి.

10. నట్లు

చల్లటి చక్రానికి టార్క్ రెంచితో బిగించండి. మొదటి తరం మియాటాకి సుమారు 90 నుంచి 118 న్యూటన్ మీటర్లు. కొత్త అల్లాయ్ చక్రాలు ఎక్కించాక 50 మైళ్ళు తిరిగి, నాలుగు చక్రాల నట్లూ మళ్ళీ రెంచితో చూసుకోండి.