పటమట నుంచి గవర్నర్‌పేటకి డీజిల్ కారెందుకు?

చిరంజీవి బుజ్జికి,

అల్లుడుగారి ఆఫీసులో ఎవరో 2021 మోడల్ డీజిల్ కారు అమ్ముతున్నారనీ, ఆదివారం వెళ్ళి బయానా ఇచ్చేద్దామనుకుంటున్నారనీ మీ అమ్మ చెప్పింది. ఇది ఫోనులో తెమిలే మాట కాదు, అందుకే రాస్తున్నాను. బయానా ఇచ్చేలోపు మీరిద్దరూ కూర్చుని చదవండి.

ముందే చెప్పేస్తాను తల్లీ, ఆ బండి నీకొద్దు. అది మంచి బండే అయి ఉండొచ్చు, కానీ నీ తిరుగుడుకి సరిపడదు. మీ ఇంటి నుంచి గవర్నర్‌పేటలో బ్యాంకుకి ఐదు కిలోమీటర్లు. దారిలో బెంజి సర్కిలు, బందరు రోడ్డు సిగ్నళ్ళు. సాయంత్రం మళ్ళీ అదే దారి, మధ్యలో పిల్లాడి ట్యూషను, రైతుబజారు. ఇంజను సరిగ్గా వేడెక్కేలోపే నువ్వు ఆపేస్తావు. డీజిల్ ఇంజను తక్కువ ఇంధనంతో ఎక్కువ పని రాబడుతుంది, వృథాగా పోయే వేడి తక్కువ. అందుకే పెట్రోలు ఇంజను కంటే నిదానంగా వేడెక్కుతుంది. హైవే మీద మైలేజీ ఇచ్చే ఆ గుణమే ఊళ్ళో నీకు అడ్డం వస్తుంది.

డీజిల్ బండి మొండిది, ఎలా వాడినా పడుంటుందని మీ మావగారు అన్నారట. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఆయన నడిపినవి డీజిల్ అంబాసిడరు, ఆ తరవాత ఇండికా. ఆ బండ్లకి పొగగొట్టంలో మసిని పట్టి ఆపేదేమీ లేదు. వచ్చిన మసి వచ్చినట్టు రోడ్డు మీదకి పోయేది, వెనకొచ్చేవాళ్ళు పీల్చేవాళ్ళు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఆ రోజులు పోయాయి. సరిగ్గా ఆ సమయానికే మారుతి వాళ్ళు డీజిల్ కార్లు చెయ్యడమే మానేశారు, గుర్తుందా? చిన్న కారుకి పొగ శుభ్రం చేసే సరంజామా అంతా తగిలిస్తే ధర గిట్టదని వాళ్ళ లెక్క.

ఆ సరంజామాలో నీకు సంబంధించింది డీపీఎఫ్. పొగగొట్టంలో ఉండే మసి ఫిల్టరు అది, లోపల తేనెపట్టులా సన్నటి గదులుంటాయి. మసి ఆ గదుల్లో చిక్కుకుంటుంది. నిండిపోతే ఎలా? అక్కడికక్కడే కాలి బూడిదవ్వాలి. హైవే మీద ఆగకుండా పోతుంటే పొగ వేడికే చాలావరకు కాలిపోతుంది. ఊళ్ళో అంత వేడి పుట్టదు కనుక, కొన్ని వందల కిలోమీటర్లకోసారి బండే కాస్త డీజిల్ ఎక్కువ చిమ్మి ఫిల్టరుని దాదాపు 600 డిగ్రీల దాకా వేడిచేస్తుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. ఇది ముగియాలంటే బండి ఆగకుండా ఓ 15-20 నిమిషాలు మంచి వేగంతో నడవాలి. నీకు అది మొదలయ్యేసరికి బ్యాంకు వచ్చేస్తుంది. సాయంత్రం మళ్ళీ మొదలవుతుంది, ఈసారి ఇల్లొచ్చేస్తుంది.

అలా సగంలో ఆగిపోయిన ప్రతిసారీ జరిగేది ఇంకొకటుంది. మసి కాల్చడానికి చిమ్మిన డీజిల్ అంతా కాలదు. చాలా బండ్లలో కొంత సిలిండరు గోడల వెంట జారి కింద ఇంజను ఆయిల్లో కలుస్తుంది. ఆటోనగర్‌లో మా షెడ్డుకి ఒక డాక్టరుగారి బండి వచ్చింది. ఇంటి నుంచి క్లినిక్కు, క్లినిక్కు నుంచి ఇల్లు, అంతే ఆయన తిరుగుడు. ఆయిల్ గేజి తీసి చూస్తే పైగీత దాటి ఉంది. వాడే కొద్దీ తగ్గాల్సిన ఆయిలు పెరిగిందన్నమాట. వేలికి రాసుకుంటే జారుడే లేదు, నీళ్ళలా ఉంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన. ఆ పలచటి ఆయిలుతోనే టర్బో తిరుగుతోంది, బేరింగులు తిరుగుతున్నాయి. పాపం ఆయన సర్వీసు ఎన్నడూ ఎగ్గొట్టని మనిషి. డ్యాష్‌బోర్డులో పసుపు రంగు లైటు వెలుగుతూనే ఉందట, రోజూ నడుస్తోంది కదా అని ఊరుకున్నారు. చివరికి బండి వేగం అందుకోవడం మానేసింది. ఆ ఫిల్టరు శుభ్రం చేయించడానికి పనికొస్తే సరే, లేక కొత్తది వెయ్యాల్సొస్తే బండిని బట్టి లక్ష రూపాయల మాట.

ఇక డబ్బు సంగతి. ఒకప్పుడు డీజిల్ చవక. 2012లో పెట్రోలుకీ దానికీ లీటరుకి 30 రూపాయల పైనే తేడా ఉండేది. 2014 అక్టోబరులో ప్రభుత్వం డీజిల్ ధర మీద పట్టు వదిలేసింది. ఇప్పుడు మన దగ్గర తేడా 12 రూపాయలనుకో. నువ్వు ఏడాదికి తిరిగేది 4,000 కిలోమీటర్లు. ఊళ్ళో పెట్రోలు బండి లీటరుకి 14, డీజిల్ 17 ఇస్తుందనుకుంటే, 109, 97 రూపాయల లెక్కన ఏడాదికి మిగిలేది 8,000 చిల్లర. అదే కారు పెట్రోలుది లక్ష తక్కువకి దొరుకుతున్నప్పుడు, ఆ లక్ష తిరిగి రావడానికి పన్నెండేళ్ళు. డీజిల్ సర్వీసుకయ్యే అదనపు ఖర్చు నేనింకా కలపలేదు.

ఏడాదికి రెండుసార్లు తిరుపతి వెళ్తాం కదా అంటావు. ఆ నాలుగు రోజులు ఫిల్టరు హాయిగానే ఉంటుంది. మిగిలిన నెలల మసి దానికోసం ఆగదు. వారంవారం హైదరాబాదు వెళ్ళొచ్చే మీ బాబాయికైతే డీజిలే కొనుక్కోమంటాను. ఆయన దారి 270 కిలోమీటర్లు, ఎక్కడా ఇంజను చల్లారదు.

నీకు టర్బో లేని మామూలు పెట్రోలు కారు చాలు. దానికీ ఈ చిన్న దూరాలు మంచివి కావు గానీ తట్టుకుంటుంది, ఆయిలు మాత్రం కిలోమీటర్లు చూడకుండా ఏడాదికోసారి మార్పించు. కరెంటు కారు నీ తిరుగుడుకి ఇంకా బాగా సరిపోతుంది, కాకపోతే మీది అద్దె ఇల్లు. సెల్లారులో మీ మీటరు నుంచి లైను వేసుకోనిస్తారేమో అసోసియేషన్‌లో అడిగి చూడండి. రైతుబజారుకి మాత్రం ఏ కారూ వద్దమ్మా, స్కూటీ ఉందిగా.

ఇంత చెప్పినా అల్లుడుగారికి ఆ బండి మీదే మనసుంటే, వారానికోసారి రామవరప్పాడు రింగు దాటి హనుమాన్ జంక్షన్ దాకా ఆగకుండా నడిపి రమ్మను. దారిలో రీజనరేషన్ మొదలైతే పూర్తయ్యేదాకా ఆపొద్దు. బండి ఆపాక కూడా ఫ్యాను గట్టిగా తిరుగుతోందంటే అది మధ్యలో ఆగిపోయి ఉండొచ్చని అర్థం. నెలకోసారి ఆయిల్ గేజి చూడాలి. ఆయిలు ఆ ఫిల్టరుకి సరిపడే తక్కువ బూడిద రకమే పొయ్యాలి. ఫిల్టరు పీకి పారేస్తాం, గొడవ వదిలిపోతుందనేవాళ్ళు ఆటోనగర్‌లోనే దొరుకుతారు. ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయించొద్దు. అది చట్టానికి విరుద్ధం, పైగా ఆ మసి పీల్చేది మన పిల్లలే.

పెట్రోలు బండేదైనా చూడ్డానికి వెళ్తే నన్నూ తీసుకెళ్ళండి. ఇంజను చల్లగా ఉండగానే చూడాలి కనుక, మనం వచ్చేదాకా స్టార్టు చెయ్యొద్దని అమ్మేవాళ్ళకి ముందు రోజే చెప్పించు.

ఇట్లు,
మీ పెదనాన్న