వేరుశెనగ పడని పిల్లలు: రక్తపరీక్ష చెప్పునది, చెప్పలేనిది

మన ఇళ్లలో వేరుశెనగ లేని వారముండదు. ఉదయము ఇడ్లీలోనికి పచ్చడి, పండుగనాడు పులిహోరలో వేగిన గుళ్లు, గుత్తివంకాయ కూరలో పొడి, సాయంకాలము పిల్లల చేతిలో పప్పుచెక్క. నూరు గ్రాముల గుళ్లలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు గల గింజ యిది. అందుచేతనే 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమున వేరుశెనగ చిక్కీని చేర్చినది.

అయినను కొద్దిమంది పిల్లలకు ఇదే గింజ ప్రాణాపాయము తేగలదు. ఆ భయముచేత, బిడ్డ ఒంటిపై దద్దుర్లు కనబడగానే "ఎలర్జీ రక్తపరీక్ష" చేయించుట ఏలూరు, తాడేపల్లిగూడెము పట్టణములలోనే గాక, పెదపాడు వంటి ఊళ్ల కుటుంబములలోను అలవాటగుచున్నది. పరీక్ష మంచిదే. దాని నివేదికను అర్థము చేసికొనుట తెలియకున్నచో రెండు కీడులు కలుగును. పడని బిడ్డకు పెట్టుట మొదటిది. పడు బిడ్డకు మాన్పించుట రెండవది.

దద్దురులన్నియు ఆహారదోషము కావు

శరీరమునకు ఒదుగు ఆహారమును సాత్మ్యమనియు, ఒదగని దానిని అసాత్మ్యమనియు ఆయుర్వేదము చెప్పును. వేరుశెనగ దక్షిణ అమెరికానుండి వచ్చిన పంట గనుక చరక, సుశ్రుత సంహితలలో దాని ప్రస్తావన లేదు. కాని దద్దుర్లు మన వైద్యులకు కొత్తవి కావు. మాధవనిదానము శీతపిత్తము, ఉదర్దము, కోఠము అను పేర్లతో వాటిని ప్రత్యేకముగా వర్ణించినది.

పిల్లలలో దద్దుర్లకు జలుబు, జ్వరము, పురుగుకాటు, కొన్ని మందులు కూడ కారణములగును. నిజమైన వేరుశెనగ ఎలర్జీకి ఒక గుర్తు కలదు. తిన్న కొన్ని నిమిషములనుండి రెండు గంటలలోపుగా బాధ ఆరంభమగును. పెదవులు, కనురెప్పలు ఉబ్బుట, ఒళ్లంతయు దద్దురులెక్కుట, వాంతులు, కడుపునొప్పి, గొంతు బొంగురుపోవుట, పిల్లికూతలు, ఆయాసము, సొమ్మసిల్లుట దాని లక్షణములు. తిన్న ప్రతిసారియు ఇట్లే జరుగుట మరియొక గుర్తు. నెలల తరబడి తగ్గుచు పెరుగుచునుండు దురదకు వేరుశెనగను మాత్రమే దోషిగా నెంచుట సరికాదు.

రక్తములో వెదకునదేమి?

ఎలర్జీ గల శరీరము తనకు గిట్టని మాంసకృత్తును గుర్తుపట్టుటకు ఒక ప్రత్యేక రక్షకపదార్థమును తయారుచేయును. దానిని 1966–67 సంవత్సరములలో అమెరికాలో ఇషిజాకా దంపతులును, స్వీడనులో యొహాన్సన్, బెన్నిచ్ అను శాస్త్రజ్ఞులును వేర్వేరుగా కనుగొన్నారు. 1968లో దానికి ఇమ్యునోగ్లోబ్యులిన్-ఇ, క్లుప్తముగా ఐ.జి.ఇ., అను పేరు స్థిరపడినది. ఇది శరీరములోని కొన్ని కణములను అంటిపెట్టుకొని యుండును. వేరుశెనగ మరల లోనికి వచ్చినప్పుడు ఆ కణములు హిస్టమిన్ మొదలగు పదార్థములను వెదజల్లును. దద్దురు, వాపు, ఆయాసము వాటి ఫలితములే.

రక్తపరీక్షలో, వేరుశెనగ మాంసకృత్తును పట్టుకొను ఐ.జి.ఇ. ఎంత ఉన్నదో కొలుతురు. చేతినరమునుండి కొద్దిపాటి రక్తము తీసినచో చాలును. పరగడుపున ఉండనక్కరలేదు. సెట్రిజిన్ వంటి దురదమాత్రలు వాడుచున్నను ఈ పరీక్షకు అడ్డుకాదు. చర్మముపై సూదితో గీరి చేయు పరీక్షకు మాత్రము ఆ మాత్రలను కొన్ని దినములు ముందుగా ఆపవలసియుండును.

అంకెను చదువు విధము

నివేదికలో లీటరుకు ఇన్ని కిలోయూనిట్లని ఒక అంకె వచ్చును. 0.35 కంటె తక్కువైనచో "లేదు" అని, అంతకు మించినచో "ఉన్నది" అని చెప్పుట చిరకాలపు వాడుక. తల్లిదండ్రులు పొరబడునది ఇచ్చటనే. "ఉన్నది" అనగా రక్తము వేరుశెనగను గుర్తించినదని మాత్రమే అర్థము. బిడ్డకు అది పడదని అర్థము కాదు.

బెంగళూరు, మైసూరు ప్రాంతముల పెద్దవారిపై జరిగి 2016లో వెలువడిన అధ్యయనమొకటి దీనిని స్పష్టము చేయుచున్నది. నూటికి 26.5 మంది రక్తములో ఏదో ఒక ఆహారమునకు ఐ.జి.ఇ. కనబడినది. లక్షణములతో కూడిన ఆహారపు ఎలర్జీ బహుశః కలదని తేలినవారు నూటికి 1.2 మంది మాత్రమే. అనగా రక్తములో గుర్తు కనబడిన ఇరువది మందిలో సుమారు ఒక్కరికే వ్యాధి. వేరుశెనగ కందిపప్పు, శెనగపప్పుల వలెనే కాయధాన్యపు జాతికి చెందినది. వాటి మాంసకృత్తులకును, కొన్ని పుప్పొళ్లకును దీనితో పోలిక యుండుటచేత రక్తము ఒకదానిని చూచి మరియొకటిగా భ్రమించును.

అంకె పెరిగినకొలది నిజమైన ఎలర్జీ కలదను సంభావ్యత పెరుగును. అమెరికాలో ఎలర్జీ వైద్యశాలలకు వచ్చిన పిల్లలపై జరిగిన పరిశోధనలలో 14, 15 దాటినచో నూటికి 95 పాళ్లు నిశ్చయమని తేలినది. ఆ అంకెను మన పిల్లలకు యథాతథముగా అన్వయింపరాదు. బాధ ఎంత తీవ్రముగా వచ్చునో ఏ అంకెయు చెప్పలేదు. చిన్న అంకె గల బిడ్డకు ప్రమాదము రావచ్చును, పెద్ద అంకె గల బిడ్డ దద్దురులతోనే బయటపడవచ్చును. తిన్నవెంటనే బాధపడిన బిడ్డకు "లేదు" అని వచ్చినను ధైర్యముగా పెట్టరాదు. సందేహము మిగిలినప్పుడు వేరుశెనగలోని "అరా హెచ్ 2" అను ఒక్క మాంసకృత్తునకే చేయు పరీక్ష మరింత నమ్మదగినది.

ముందు ప్రశ్న, పిదప రక్తము

దర్శనము, స్పర్శనము, ప్రశ్న అను మూడింటితో రోగిని పరీక్షింపవలెనని గురుకులములో మాకు మొదట నేర్పుదురు. ఈ వ్యాధిలో ప్రశ్నయే ప్రధానము. పరీక్షకు పోవుటకు ముందే ఈ క్రింది విషయములను ఒక కాగితముపై వ్రాసికొనుడు.

1. బిడ్డ ఏమి తిన్నాడు? వేయించినదా, ఉడికించినదా, ఎంత?
2. తిన్న ఎంతసేపటికి బాధ మొదలైనది, ఎంతసేపున్నది?
3. అదే పూట మరేమి తిన్నాడు? కొల్లేటి పరిసరములలో రొయ్యలు తరచుగా వండుదురు. రొయ్యలు కూడ ప్రబలమైన ఎలర్జీ కలిగించునవే. దోషము చిక్కీదో, రొయ్యదో ముందు తేల్చవలెను.
4. అంతకుముందు వేరుశెనగ తిని సుఖముగా ఉన్నాడా? పిదప తిన్నాడా?
5. ఆనాడు జ్వరము గాని, కొత్త మందు గాని కలదా?
6. బిడ్డకు గజ్జి, ఉబ్బసము, గ్రుడ్డు పడకపోవుట ఉన్నవా?

వేరుశెనగ పచ్చడి తిని సుఖముగా నున్న బిడ్డకు రక్తములో అంకె కనబడినదని దానిని మాన్పింపనక్కరలేదు. నలుబది, అరువది ఆహారములను ఒకేసారి పరీక్షించు మూకుమ్మడి పరీక్షలు ఇందుచేతనే మేలుకంటె కీడు చేయును. ఆ పట్టీని చూచి పాలు, గ్రుడ్లు, పప్పులు, వేరుశెనగ అన్నియు మాన్పించినచో ఎదుగు బిడ్డ చిక్కిపోవును. ఐ.జి.జి. అను వేరొక పదార్థమును కొలిచి "ఆహారము పడదు" అని చెప్పు పరీక్షలు ఎలర్జీ నిర్ణయమునకు పనికిరావు. అవి బిడ్డ ఆ ఆహారమును తిన్నాడని మాత్రమే చెప్పును.

చరిత్రయు రక్తమును ఏకీభవింపనప్పుడు, వైద్యుని ఎదుట కొద్దికొద్దిగా తినిపించి చూచు పరీక్షయే తుది నిర్ణయము. ఆహారమును, ఔషధమును ప్రయోగించి వ్యాధిని గుర్తించుటను మన శాస్త్రము ఉపశయమనును. ఇదియు ఆ కోవకు చెందినదే. కాని దీనిని సమస్త సాధనములు గల ఆసుపత్రిలోనే చేయవలెను. ఇంటిలో "కొంచెము పెట్టి చూతము" అను ప్రయత్నము కూడదు.

ఆపద వచ్చినప్పుడు

సాధారణమైన దద్దుర్లకు మనము హరిద్రాఖండము వాడుట సంప్రదాయము. ఊపిరి అందకపోవుట, గొంతు మూసికొనుట, సొమ్మసిల్లుట కనబడినచో ఏ గృహవైద్యమును ప్రయత్నింపరాదు. పసుపు, బెల్లము, ఉప్పునీటితో వాంతి చేయించుట కాలహరణము. దురదమాత్రలు కూడ అప్పుడు చాలవు. తొడ వెలుపలి కండరములో ఇచ్చు ఎడ్రినలిన్ సూదిమందే ప్రాణరక్షకము. వెంటనే 108కు ఫోను చేయుడు. బిడ్డను పరుండబెట్టి కాళ్లు ఎత్తుగా నుంచుడు. ఆయాసమున్నచో కూర్చుండనీయుడు. నడిపింపకుడు. బాధ తగ్గినను కొన్ని గంటల తరువాత తిరుగబెట్టు అవకాశమున్నది గనుక ఆసుపత్రిలో పరిశీలనలో ఉంచవలెను.

ఎలర్జీ నిశ్చయమైన పిమ్మట

వేరుశెనగను పూర్తిగా మానవలెను. శుద్ధిచేసిన నూనెలో మాంసకృత్తు దాదాపు ఉండదు. ఆరోగ్యమునకు మంచిదని మనము కొను గానుగ నూనెలో అది మిగిలియుండును. ఇట్టి బిడ్డకు ఆ నూనె వద్దు. మిక్చరు, మిఠాయిదుకాణపు పొడులు, హోటలు పచ్చళ్ల విషయమున జాగ్రత్త వహింపుడు. 2020 నాటి ఆహార భద్రతా సంస్థ నిబంధనల ప్రకారము పొట్లముపై వేరుశెనగ ఉన్నదని ముద్రింపవలెను. దానిని చదువుట అలవాటు చేసికొనుడు. బడి ఉపాధ్యాయులకును, వంటవారికిని వ్రాతమూలకముగా తెలుపుడు. సుమారు ఐదుగురిలో ఒకరికి ఈ ఎలర్జీ వయస్సుతో పోవును. కావున వైద్యుని సలహాపై కొంతకాలమునకు మరల పరీక్ష చేయింపవచ్చును.

పసిబిడ్డల తల్లులకు ఒక మాట. ఎలర్జీ రాకుండ వేరుశెనగను మూడేండ్ల వరకు పెట్టరాదను 2000 సంవత్సరపు అమెరికా సలహాను 2008లోనే ఉపసంహరించిరి. లండనులో 640 మంది పసివారిపై జరిగి 2015లో వెలువడిన అధ్యయనమున, మొదట చర్మపరీక్షలో గుర్తు లేని పిల్లలలో, మానినవారికి నూటికి 13.7 పాళ్లు, తిన్నవారికి 1.9 పాళ్లు మాత్రమే ఐదేండ్ల వయస్సునకు ఎలర్జీ కలిగినది. ఆరు నెలలు నిండి ఇతర ఆహారములు తినుచున్న బిడ్డకు మెత్తగా నూరి పలుచన చేసిన వేరుశెనగను కొద్దిగా పెట్టవచ్చును. తీవ్రమైన గజ్జి గాని, గ్రుడ్డు ఎలర్జీ గాని ఉన్న బిడ్డకు ముందు వైద్యుని అడుగవలెను. పూర్తి గుళ్లను ఐదేండ్లలోపు పిల్లలకు ఇచ్చినచో గొంతుకడ్డుపడును.

రక్తపరీక్షకు పోవు దినమున మీరు వ్రాసిన కాగితమును కూడ వెంట తీసికొనిపొండు. వైద్యుడు ముందు దానిని చదివి, పిదప అంకెను చూచినచో మీ బిడ్డకు సరియైన తీర్పు దొరకును.