సిలోయము గోపురం, కూలిన విమానం: ఆకస్మిక మరణం ముందు మనం ఏం మాట్లాడాలి?



ధ్యాన భాగము: లూకా సువార్త 13:1-9. బైబిలు పక్కన పెట్టుకుని, ఈ తొమ్మిది వచనాలు ఒకసారి చదివి, తర్వాత ఈ పాఠంలోకి రండి.

ఈ వారం వీడియోలో ఆకస్మిక మరణాల గురించి మాట్లాడుకున్నాం. అందులో స్కైడైవర్ల సంగతి, అంటే విమానంలోంచి దూకి పారాషూట్‌తో దిగే వాళ్ళ సంగతి, రెండు నిమిషాల్లో ముగించాను. సమయం అంతే ఉంది. "అదేంటి బ్రదర్, దేవుని వాక్యానికీ వాళ్ళకీ ఏంటి సంబంధం?" అని మీకు అనిపించి ఉండొచ్చు. సంబంధం ఉంది. అది ఈ పాఠంలో నిదానంగా చూద్దాం.

1. రెండు ప్రమాదాలు

మొదటిది 1992 ఏప్రిల్ 22న జరిగింది. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని పెరిస్ అనే ఊరు. అక్కడి చిన్న విమానాశ్రయం స్కైడైవర్లకు పేరున్న చోటు. పోటీలకు సాధన చేసే జట్లు అక్కడికి వస్తాయి. ఆ రోజు నెదర్లాండ్స్ నుంచి వచ్చిన వాళ్ళు కూడా ఉన్నారు. ట్విన్ ఆటర్ అనే రెండు ఇంజన్ల విమానంలో మొత్తం 22 మంది ఎక్కారు. ట్యాంకులో నింపిన ఇంధనం శుభ్రంగా లేదు. నేల విడిచిన కాసేపటికే ఒక ఇంజన్ శక్తి పోయింది, విమానం కూలిపోయింది. 16 మంది చనిపోయారు, ఆరుగురు మిగిలారు.

రెండోది 2014 ఏప్రిల్ 20న. తారీఖు చూస్తే మీకు వెంటనే తట్టకపోవచ్చు గానీ, అది ఈస్టర్ ఆదివారం. మనం తెల్లవారుజామున లేచి పునరుత్థాన ఆరాధనకు వెళ్ళి, "ప్రభువు లేచాడు" అని చెప్పుకున్న రోజు. అదే రోజున ఫిన్లాండ్ దేశంలో, యామియార్వి అనే చోట స్కైడైవర్ల విమానం ఒకటి పైకి వెళ్ళింది. పైలట్‌తో కలిపి 11 మంది. రెక్కకు ఆసరాగా ఉండే కడ్డీలో అప్పటికే పగులు ఉంది. ఎవరికీ కనబడని పగులు. దూకే ఎత్తుకు చేరాక ఆ కడ్డీ విరిగింది, రెక్క పోయింది. పైలట్, మరో ఇద్దరు పారాషూట్‌తో బయటపడ్డారు. మిగతా ఎనిమిది మంది విమానంలోంచి బయటకు రాలేకపోయారు.

2. మన నోటికి వచ్చే మొదటి మాట

ఇలాంటి వార్త వినగానే మనలో చాలామంది ఏమంటారు? "ఎందుకండీ ఆ దూకడాలు? కోరి తెచ్చుకున్నారు." నిజం చెప్పండి, ఇది చదువుతుంటే మీ మనసులోకి కూడా ఆ మాట వచ్చిందా లేదా?

ఇప్పుడు పై రెండు సంగతులు మళ్ళీ చూడండి. పెరిస్‌లో చనిపోయిన వాళ్ళలో దూకడం వల్ల చనిపోయిన వాళ్ళు ఒక్కరూ లేరు. దూకే ఎత్తుకు విమానం వెళ్ళనే లేదు. బస్సులో, రైల్లో కూర్చున్నట్టు కూర్చుని ఉన్నారు. ఇక ఫిన్లాండ్‌లో అయితే దూకగలిగిన వాళ్ళే బతికారు! దూకలేకపోయిన వాళ్ళు చనిపోయారు. "దూకారు కాబట్టి పోయారు" అని మనం చెప్పే తీర్పు ఈ రెండు చోట్లా తప్పు. వివరం తెలియకముందే తీర్పు మన నాలుక మీద సిద్ధంగా ఉంటుంది. ప్రియులారా, ఇదే మన రోగం.

నేను ఆదరణ కూడికలకు వెళ్తుంటాను. ఒక యవ్వనస్థుడు బండి మీద వెళ్తూ చనిపోయి ఉంటాడు. తల్లి గోడకు ఆనుకుని కూర్చుని ఉంటుంది. పక్కగదిలో మాటలు వినబడతాయి. "ఆదివారం మందిరానికి రావడం మానేశాడంట." "తండ్రి దశమభాగం ఇవ్వడు." "వాళ్ళింట్లో ఏదో శాపం ఉంది." ఆ మాటలు అంటున్నది అన్యులు కాదు. సంఘంలో ముందు వరసలో కూర్చునే మనమే.

3. సిలోయములో ప్రభువు ఏం చేశారు?

లూకా 13లో కొందరు యేసు ప్రభువు దగ్గరికి ఒక వార్త తెచ్చారు. బలి అర్పిస్తున్న గలిలయుల్ని పిలాతు చంపించాడు. ఆ వార్త వెనక ఒక ప్రశ్న దాగి ఉంది: వాళ్ళు అంత పాపులా? ప్రభువు ఆ దాగిన ప్రశ్ననే బయటికి తీశారు. తీసి, ఇంకో సంగతి తానే జోడించారు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు కదా, యెరూషలేములో మిగతా వారందరి కంటే వాళ్ళే ఎక్కువ అపరాధులని మీ ఉద్దేశమా? కాదు అని ఆయనే జవాబు చెప్పారు.

ఆ 18 మంది పేర్లు మనకు తెలియవు. కూలివాళ్ళో, దారిన పోయేవాళ్ళో తెలియదు. గోపురం ఎందుకు కూలిందో కూడా లూకా రాయలేదు. మనకు తెలిసింది ఒక్కటే: వాళ్ళ మరణాన్ని చూపించి వాళ్ళ పాపం లెక్క కట్టడానికి ప్రభువు ఒప్పుకోలేదు.

ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించండి. సిలోయము పేరు యోహాను 9లో కూడా వస్తుంది. పుట్టు గుడ్డివాడిని చూసి శిష్యులు అడిగారు, పాపం చేసింది ఇతనా, ఇతని తల్లిదండ్రులా అని. ఇద్దరూ కాదని చెప్పి, ప్రభువు అతన్ని సిలోయము కోనేటికి పంపారు. ఒక చోట గోపురం, ఒక చోట కోనేరు. రెండు చోట్లా అదే ప్రశ్న, రెండు చోట్లా అదే జవాబు.

కానీ ప్రభువు అంతటితో ఆగలేదు. "వాళ్ళు" అనే మాటను పక్కన పెట్టి "మీరు" అన్నారు. మీ సంగతి చూసుకోండి, మారుమనస్సు పొందండి అన్నారు. వేలు అవతలి వైపు చూపిస్తుంటే, ఆ చేతిని మెల్లగా పట్టుకుని మన గుండె మీద పెట్టారు. ఈ పాఠమంతా ఆ ఒక్క కదలికలోనే ఉంది.

4. మరి దేవాలయ శిఖరం సంగతేంటి?

కొందరు లూకా 4వ అధ్యాయం ఎత్తుతారు. సాతాను ప్రభువును దేవాలయ శిఖరం మీదికి తీసుకెళ్ళి దూకమన్నాడు, ఆయన దూకలేదు, కాబట్టి దూకే ఆట ఆడేవాళ్ళు దేవుణ్ణి శోధిస్తున్నారు అంటారు.

వాక్యాన్ని సరిగ్గా చూద్దాం. అక్కడ శోధన ఏంటి? ఏ ఏర్పాటూ లేకుండా దూకు, దేవదూతలు పట్టుకోవాలి, అలా దేవుణ్ణి ఇరుకున పెట్టు అని. స్కైడైవర్ వీపు మీద ఒకటి కాదు, రెండు పారాషూట్లు ఉంటాయి. మొదటిది తెరుచుకోకపోతే రెండోది. ఆ రెండోదాన్ని, అంటే రిజర్వ్ పారాషూట్‌ను, అమెరికాలో లైసెన్స్ ఉన్న రిగ్గర్ మాత్రమే మడవాలి. వాడినా వాడకపోయినా 180 రోజులకొకసారి విప్పి, పరీక్షించి, మళ్ళీ మడిస్తేనే దానితో దూకొచ్చు. ఇది దేవుణ్ణి శోధించడమా? అయితే హెల్మెట్ లేకుండా ముగ్గురు ఒకే బండి ఎక్కి, "ప్రార్థన చేసుకునే బయల్దేరాం బ్రదర్" అనడాన్ని ఏమనాలి?

మీరందరూ వెళ్ళి దూకండి అని నేను చెప్పడం లేదు. ఎవరి మనస్సాక్షి వాళ్ళది. చనిపోయిన వాళ్ళ మీదికి వాక్యాన్ని రాయిలా విసరొద్దు అంటున్నాను.

5. వాళ్ళు ఎలా ఏడుస్తారు?

స్కైడైవర్లు కలిసినప్పుడూ విడిపోయేటప్పుడూ "బ్లూ స్కైస్" అనుకుంటారు. నీకు నీలాకాశం దొరకాలి, మబ్బు పట్టకూడదు అని దీవెన. తమలో ఒకరు చనిపోతే మాత్రం ఆ మాటకు ఇంకో ముక్క కలుపుతారు, "బ్లూ స్కైస్, బ్లాక్ డెత్" అని. నీలాకాశం, నల్లని మరణం. రెండూ ఒకే నోటితో ఒప్పుకుంటారు. మరణం లేనట్టు నటించరు.

వాళ్ళలో ఇంకో ఆచారం ఉంది, యాష్ డైవ్ అంటారు. కుటుంబం కోరితే, చనిపోయిన మిత్రుడి చితాభస్మం తీసుకుని స్నేహితులంతా విమానం ఎక్కుతారు. కలిసి దూకి, ఆకాశంలో ఒకరి చేయి ఒకరు పట్టుకుని, ఆ భస్మాన్ని గాలిలో వదులుతారు. మన దేశంలో అస్థికలు గోదావరిలో కలిపే వాళ్ళను చూశాం కదా, వాళ్ళకు ఆకాశమే గోదావరి. మన విశ్వాసులు భూస్థాపన చేస్తారు, ఆచారం వేరు. అయినా ఒక సంగతి మనం నేర్చుకోవచ్చు. ఆ సమయంలో "ఇతను చేసిన తప్పేంటి" అని పక్కగదిలో మాట్లాడుకోవడానికి చోటు లేదు. చేతులు పట్టుకోవడమే పని.

యోబు స్నేహితుల్ని గుర్తు చేసుకోండి. యోబు 2వ అధ్యాయం చివర్లో వాళ్ళు ముగ్గురూ వచ్చి, ఏడు పగళ్ళు ఏడు రాత్రులు అతనితో నేల మీద కూర్చున్నారు. ఒక్క మాటా అనలేదు. వాళ్ళు చేసిన మంచి పని అదే. నోరు తెరిచి కారణాలు వెదకడం మొదలుపెట్టాకే చెడింది. చివరికి 42వ అధ్యాయంలో దేవుని కోపం వాళ్ళ మాటల మీదే వచ్చింది.

ప్రభువు సంగతి చూడండి. లాజరును లేపబోతున్నానని ఆయనకు తెలుసు. తెలిసి కూడా సమాధి దగ్గర ఏడ్చారు. నిరీక్షణ ఉన్నవాడు ఏడవకూడదు అనేది వాక్యం కాదు. థెస్సలొనీకయులకు రాస్తూ పౌలు కూడా దుఃఖమే వద్దనలేదు, నిరీక్షణ లేని వారిలా దుఃఖపడొద్దన్నాడు. ఆ ఈస్టర్ ఆదివారం ఫిన్లాండ్‌లో ఎనిమిది ఇళ్ళకు వార్త వెళ్ళింది. ఆ ఇళ్ళకు మనం వెళ్ళి ఉంటే, ముందు చెప్పాల్సింది ప్రసంగం కాదు. ముందు కూర్చోవాలి.

6. ఏడ్చాక ఏం చేస్తారు?

ఇక్కడే వాళ్ళు సిలోయము పాఠాన్ని మనకంటే బాగా పాటిస్తున్నారేమో అనిపిస్తుంది.

అమెరికా పారాషూట్ సంఘం వాళ్ళ పత్రికలో ప్రమాదాల నివేదికలు ప్రచురిస్తారు. ఏం జరిగింది, ఎక్కడ తేడా వచ్చింది, మిగతావాళ్ళు ఏం నేర్చుకోవాలి. చదివేవాడు అడగాల్సిన ప్రశ్న "వాడు ఎలాంటివాడు?" అని కాదు. "రేపు నేను ఏం సరిచూసుకోవాలి?" అని. "వాళ్ళు" నుంచి "నేను" వైపు. ప్రభువు చూపిన దారి ఇదే కదా!

పెరిస్ తర్వాత విమానంలో బెల్టు పెట్టుకునే విషయం వాళ్ళు గట్టిగా పట్టించుకున్నారు. వాళ్ళు కుర్చీల్లో కాదు, చాలాసార్లు నేల మీదో బల్లల మీదో కూర్చుంటారు. ఎలాగూ దూకేవాళ్ళమే, బెల్టు ఎందుకు అనే ధోరణి ఉండేది. ఇప్పుడు విమానం తగిన ఎత్తు చేరే వరకు బెల్టు ఉండాల్సిందే. తలుపు దగ్గరికి వెళ్ళే ముందు ఒకరి వీపు మీది పారాషూట్ పిన్నులు ఇంకొకరు చూస్తారు. తన వీపు తనకు కనబడదు, పక్కవాడికే కనబడుతుంది. సంఘంలో మనకు ఒకరికొకరు ఎందుకు కావాలో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

దీని ఫలితం లెక్కల్లో కనబడుతుంది. 1970ల్లో అమెరికాలో సగటున ఏడాదికి 40 మందికి పైగా స్కైడైవింగ్‌లో చనిపోయేవారు. 2023లో 36 లక్షలకు పైగా జంపులు జరిగితే 10 మంది చనిపోయారు. ఆ పది ఇళ్ళకు అది చిన్న సంఖ్య కాదు. కానీ పాతవాళ్ళ కోసం ఏడ్చిన ఏడుపు కొత్తవాళ్ళను బతికించింది.

ద్వితీయోపదేశకాండము 22:8 తీసి చూడండి. కొత్త ఇల్లు కడితే డాబాకు పిట్టగోడ కట్టాలని దేవుడు ఆజ్ఞ ఇచ్చాడు. ఎవరైనా పడితే ఆ రక్తాపరాధం ఇంటి మీదికి రాకూడదని. పడినవాడి పాపం వెదకమని చెప్పలేదు, గోడ కట్టమన్నాడు. బెల్టు, పిన్ను పరీక్ష, రిజర్వ్ పారాషూట్, ఇవన్నీ పిట్టగోడలే.

పెరిస్‌లో మిగిలిన ఆరుగురిలో డాన్ బ్రాడ్‌స్కీ చెన్‌ఫెల్డ్ ఒకరు. మెడ విరిగింది, ఆరు వారాలు కోమాలో ఉన్నారు. లేచేసరికి సహచరులు లేరు. తర్వాత ఆయన మళ్ళీ సాధన మొదలుపెట్టి, ఎయిర్‌స్పీడ్ అనే జట్టుతో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. లూకా 13లో సిలోయము వెంటనే వచ్చే ఉపమానం చూడండి. కాయని అంజూరపు చెట్టును నరకబోతే, ఇంకొక్క ఏడాది ఇవ్వండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను అంటాడు తోటమాలి. మనం ఇంకా బతికి ఉన్నామంటే పోయినవాళ్ళ కంటే మంచివాళ్ళమని కాదు. మనకు ఇంకొక్క ఏడాది దొరికింది, అంతే. దాన్ని ఏం చేస్తున్నాం?

7. ఈ వారం మన ఇంట్లో

ఎవరింటికైనా పరామర్శకు వెళ్తే ఈ మూడు గుర్తుంచుకోండి. కారణం అడగొద్దు, పక్కన కూర్చోండి. పోయినవాళ్ళ పేరు పెట్టి ఒక మంచి సంగతి చెప్పండి. ఇంటికొచ్చాక మీ పిట్టగోడ చూసుకోండి: బండి బ్రేకులు, గ్యాస్ పైపు, ఎన్నాళ్ళుగానో మాట్లాడని తమ్ముడు, వాయిదా వేస్తున్న మారుమనస్సు.

ధ్యానానికి ప్రశ్నలు:
1. ఎవరి మరణం గురించైనా నా మనసులో తీర్పు దాచుకుని ఉన్నానా?
2. నా వీపు మీద నాకు కనబడని లోపాన్ని చెప్పగల సహోదరుడు నాకు ఉన్నాడా? చెబితే వింటానా?
3. నాకు దొరికిన ఈ ఏడాదిలో ఏ కొమ్మ కాయాలని ప్రభువు ఎదురు చూస్తున్నారు?

ప్రార్థన: కనికరము గల తండ్రీ, ఆకాశంలోనో, రోడ్డు మీదో, నీళ్ళలోనో అకస్మాత్తుగా తమ వారిని పోగొట్టుకున్న ప్రతి ఇంటినీ మీ చేతులకు అప్పగిస్తున్నాం. వాళ్ళ మధ్య మా నాలుకను కాయండి, మా కన్నీటిని ఎండిపోనివ్వకండి. మాకిచ్చిన దినములు లెక్కించుకునే హృదయం దయచేయండి. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.