వైర్‌లెస్ అడాప్టరు: లోపాన్ని గుర్తించే క్రమం

ఇంటి నెట్‌వర్కుతో కంప్యూటరు కలియనప్పుడు అడాప్టరు చెడిపోయినదని తలచి కొత్తది కొనడం పరిపాటి. విద్యార్థులున్న కుటుంబానికి ఆ ఖర్చు స్వల్పం కాదు. లోపాన్ని క్రమంగా వెదకినచో అనేక సందర్భాలలో అది తప్పుతుంది.

మొదట అదే నెట్‌వర్కుకు ఒక ఫోనును కలిపి చూడాలి. అదీ కలియకపోతే రౌటరును పరిశీలించాలి. ఫోను కలిసి కంప్యూటరు కలియకపోతే, జాబితాలో నెట్‌వర్కు పేరు ఉన్నదా అని చూడాలి.

పేరే కనబడకపోవడానికి తరచు పౌనఃపున్య భేదమే కారణం. భారతదేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండా వాడుకొనుటకు 2005లో అనుమతి లభించింది; 5 గిగాహెర్ట్జ్ పట్టీలో ఈ వెసులుబాటు 2018లో విస్తరించింది. మొదటి పట్టీకి మాత్రమే తయారైన అడాప్టరు రెండవ పట్టీలోని సంకేతాన్ని గ్రహించలేదు. రౌటరులో 2.4 పట్టీని కూడా పనిచేయిస్తే చాలును.

పేరు కనబడి, సరియైన పాస్‌వర్డు ఇచ్చినా కలియకపోతే భద్రతా పద్ధతిని చూడాలి. 2018లో వెలువడిన డబ్ల్యు.పి.ఎ.-3ను పాత అడాప్టర్లు అనేకం గుర్తించలేవు. రౌటరులో డబ్ల్యు.పి.ఎ.-2ను కూడా అనుమతించాలి. కలిసినట్లే కనబడినా కంప్యూటరు చిరునామా 169.254తో మొదలైతే, రౌటరు నుండి చిరునామా అందలేదని అర్థం. అప్పుడు రెండింటినీ ఆపి తిరిగి ప్రారంభించాలి.

చివరగా అడాప్టరును మరొక కంప్యూటరుకు తగిలించి పరీక్షించాలి. అక్కడ కూడా పనిచేయకపోతేనే కొత్తది కొనడం సమంజసం.