చేతికొచ్చిన చందనపు చెక్క

మా ఉత్తరాంధ్రలో సింహాచలం కొండ పేరే కాదు, మనిషి పేరు కూడా. ఏ బడిలో హాజరు పట్టీ తెరిచినా అప్పన్న, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ, సింహాద్రి, నరసింహులు వరసగా పలుకుతారు. బిడ్డ పుడితే సింహాద్రి అప్పన్న ఇచ్చాడనుకుని ఆయన పేరే పెట్టుకున్నారు మా పెద్దలు. అందులో భక్తితో పాటు ఒక జ్ఞాపకం కూడా ఉంది. ఇది నా గొప్ప కాదు, ఒకరు ఇస్తే వచ్చింది అన్న సంగతి పిలిచిన ప్రతిసారీ గుర్తుకు రావాలని దాన్ని పేరుగా అంటించేశారు. వాళ్ళ మనవలం మనం. మనకు పేర్లు మిగిలాయి, గుర్తు మాత్రం పోతోంది.

అదృష్టం అన్న మాటను ఒకసారి విడదీసి చూడండి. దృష్టం కానిది, కంటికి కనబడనిది. లాటరీ తగలడానికి, ఆస్తి కలిసిరావడానికి ఆ మాట వాడి వాడి దాని అసలు అర్థం మరిచిపోయాం. మనకు దక్కి, మన కంటికి ఆనని ప్రతిదీ అదృష్టమే. పొద్దున్నే కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళు అదృష్టం. మన పదో తరగతి ఫీజు కోసం అమ్మ తాకట్టు పెట్టిన గాజులు అదృష్టం. అవి తాకట్టులో ఉన్నాయని మనకు తెలియనివ్వకపోవడం అంతకంటే పెద్ద అదృష్టం.

ఎందుకు ఆనదు? అలవాటు వల్ల. ఈ పాఠం విశాఖవాళ్ళకు 2014 అక్టోబరు 12న, ఆదివారం నాడు దొరికింది. హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన రోజది. మర్నాడు ఒక్క పాల ప్యాకెట్ కోసం నేను రెండు గంటలు వరసలో నిలబడ్డాను. నీళ్ళ ట్యాంకరు వీధి మలుపులో కనిపిస్తే బిందెలతో పరిగెత్తాం. ఎప్పుడూ పచ్చగా ఉండే సింహాచలం కొండ ఆకన్నది లేకుండా, ఎవరో మంట పెట్టి ఆర్పినట్టు గోధుమ రంగులో నిలబడింది. రోజుల తరబడి చీకట్లో గడిపాక ఒక రాత్రి కరెంటొచ్చింది. వీధి వీధంతా ఒక్కసారిగా కేక వేసింది. మా పక్కింటి పెద్దావిడ తిరుగుతున్న ఫ్యానుకి రెండు చేతులెత్తి దండం పెట్టింది. నేను కళ్ళారా చూశాను. నెల తిరిగిందో లేదో, అదే ఫ్యాను కింద కూర్చుని కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందని అందరం విసుక్కున్నాం. ఫ్యాను అదే, గాలి అదే. చూడటం మానేశాం, అంతే.

సింహాచలం మీది మా అప్పన్న, అంటే వరాహ లక్ష్మీనృసింహస్వామి, ఏడాదంతా చందనం పూత మాటున ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ నాడు వెండి బొరిగెలతో ఆ చందనాన్ని ఒలుస్తారు. ఆ ఒక్కరోజే నిజరూపం. రాత్రికి మళ్ళీ తొలి విడత చందనం పడుతుంది. స్వామి ఉగ్రం చల్లారడానికే ఈ పూత అని స్థలపురాణం చెబుతుంది, దాన్ని మార్చి చెప్పే సాహసం నేను చెయ్యను. కానీ ఆ ఒక్క దర్శనం కోసం అర్ధరాత్రి నుంచే క్యూ కట్టే జనాన్ని చూసినప్పుడల్లా నాకొక ప్రశ్న వస్తుంది. మన ఇంట్లో నాన్నను, మన ఉద్యోగాన్ని, నొప్పి లేకుండా పనిచేస్తున్న మన మోకాళ్ళను ఏడాదికి ఒక్కరోజైనా అలవాటు పూత ఒలిచి చూస్తున్నామా?

ఆ పండగలో నా మనసు దర్శనం కంటే ముందు జరిగే పని మీదే ఉంటుంది. చందనం అరగదీత. అక్షయ తృతీయ, వైశాఖ పౌర్ణమి, జ్యేష్ఠ పౌర్ణమి, ఆషాఢ పౌర్ణమి, ఇలా ఏడాదికి 4 విడతలు. విడతకు 3 మణుగుల చొప్పున మొత్తం 12 మణుగులు. ఇప్పటి లెక్కలో సుమారు 500 కిలోలు. ఇదంతా చేత్తో తీయాల్సిందే. సాన మీద నీళ్ళు చిలకరిస్తారు. చెక్కను రెండు చేతులా అదిమి పట్టి గుండ్రంగా తిప్పుతారు. కాసేపటిదాకా ఏమీ జరగదు, తడి రాయి తడి రాయిలాగే ఉంటుంది. తర్వాత ఆ నీళ్ళు పల్చటి మజ్జిగలా తెల్లబడతాయి, ఇంకాసేపటికి మీగడలా చిక్కబడతాయి. వేలితో తీస్తే చెంచాడు. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ తిప్పడం. ఇలా రోజుల తరబడి సాగితే గానీ ఒక్క విడత సిద్ధం కాదు. అదే చెక్కను పెట్టెలో పెట్టి తాళం వేస్తే? మూత తీసినప్పుడు కాస్త వాసన వేస్తుంది. అంతకు మించి ఎవరికీ ఏమీ ఒరగదు.

మంచి ఇల్లు, చదివించిన తల్లిదండ్రులు, ఆరోగ్యం, ఒక మంచి మాస్టారు, సమయానికి చెయ్యి పట్టుకున్న మేనమామ, ఇవన్నీ మన చేతికొచ్చిన చెక్కలు. చెక్క దొరకడంలో మన ప్రతిభ లేదు. అరగదియ్యడంలో ఉంది.

మన ఇళ్ళలో తరచూ వినిపించే ఒక ఓదార్పు మాటతో నాకు పేచీ ఉంది. "నీకంటే కిందివాళ్ళను చూసి తృప్తిపడు" అంటారు. చెప్పేవాళ్ళది మంచి మనసే. కానీ పక్కవాడి కష్టాన్ని మన దిగులుకు మందుగా వాడుకోవడం నాకు మింగుడు పడదు. పైగా ఆ మందు ఎక్కువసేపు పనిచెయ్యదు. కిందివాణ్ణి చూసి తృప్తిపడ్డ కళ్ళే సాయంత్రానికి ఫోనులో పైవాణ్ణి చూసి కుళ్ళుకుంటాయి. కిందికీ వద్దు, పైకీ వద్దు. వెనక్కి చూడాలి. ఇది నా దగ్గరికి ఎవరి చేతుల మీదుగా వచ్చింది అని అడగాలి.

కృష్ణదేవరాయలు గజపతుల మీద గెలిచి 1516లో సింహాచలం వచ్చాడు. విజయం నెత్తికెక్కే సమయం అది. అప్పుడు స్వామికి సమర్పించిన 991 ముత్యాల హారాన్ని, మిగతా కానుకల్ని తన తల్లి నాగదేవమ్మ, తండ్రి నరసరాయల పుణ్యం కోసమని శాసనంలో రాయించాడు. యుద్ధం చేసింది తను, గెలిచింది తను, రాతి మీద పుణ్యం మాత్రం అమ్మానాన్నల పేరిట ఉంది.

మన కాలానికి వద్దాం. విశాఖ ఉక్కు కర్మాగారం ఉద్యోగుల ఉక్కునగరంలో పెరిగిన ఒక కుర్రాడు పోటీ పరీక్షల్లో రెండుసార్లు తప్పి, దిగాలుగా నాతో మాట్లాడటానికి వచ్చాడు. "మాకేం కలిసొచ్చింది సార్? క్వార్టర్స్‌లో మామూలుగా పెరిగాం" అన్నాడు.

"ఆ మామూలు కింద ఏముందో తెలుసా నాయనా?" అని అడిగాను.

తెలియదన్నాడు. తప్పు వాడిది కాదు, వాడికెవరూ చెప్పలేదు. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ 1966లో రోడ్లెక్కినవాళ్ళలో 32 మంది ప్రాణాలు పోయాయి. అమృతరావు గారు నిరాహార దీక్షకు కూర్చున్నారు. తెన్నేటి విశ్వనాథం గారి వంటి నాయకులు ముందు నిలిచి పోరాడారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ పునాదిరాయి వేశారు. 64 గ్రామాలవాళ్ళు పొలాలు, ఇళ్ళు, తాతల సమాధులు వదిలి కదిలారు. కర్మాగారాన్ని జాతికి అంకితం చేసేసరికి 1992 వచ్చింది. ఆ కుర్రాడు సైకిలు నేర్చుకున్న చెట్ల నీడ రోడ్డు, చదువుకున్న బడి, వాళ్ళ నాన్న జీతం, అన్నీ ఆ నేల మీదివే.

అది విని వాడి ముఖం చిన్నబోయింది. "అయితే మేం తప్పు చేసినట్టా సార్?" అన్నాడు. ఇక్కడే చాలామంది జారిపోతారు. తప్పు అనుకుంటే కుంగిపోవడమే మిగులుతుంది. మన పెద్దలు దీనికి చక్కటి మాట ఇచ్చారు, రుణం అని. రుణమైతే తీర్చుకునే దారుంటుంది, తీర్చడానికి ఒంట్లోకి సత్తువ వస్తుంది. ఆ కుర్రాడు ఇప్పుడు ప్రతి ఆదివారం గాజువాక వైపు నిర్వాసితుల కాలనీలో పిల్లలకు లెక్కలు చెబుతున్నాడు. చెప్పాలంటే ముందు తను చదవాలి కదా. ఏడాదిగా వాయిదా వేస్తూ వచ్చిన పుస్తకం ఆ వంకన పూర్తయింది.

సి.వి. రామన్ బాల్యం విశాఖలోనే గడిచిందన్న సంగతి ఈ ఊళ్ళోనే చాలామందికి తెలియదు. తండ్రి ఏ.వి.ఎన్. కాలేజీలో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పేవారు. ఇంటినిండా పుస్తకాలు. సెయింట్ అలోషియస్ బడిలో చదివి 11 ఏళ్ళకే మెట్రిక్యులేషన్ దాటాడు. అంత చిన్నతనంలో ఇంట్లోనే పుస్తకాలు దొరకడం అదృష్టం కాక మరేమిటి? అయితే ఆ కాలంలో అధ్యాపకుల ఇళ్ళలో పుట్టిన పిల్లలందరూ రామన్‌లు కాలేదు. 1907లో కలకత్తాలో పెద్ద ప్రభుత్వోద్యోగం వచ్చింది. హాయిగా బతికెయ్యవచ్చు. కానీ పదేళ్ళపాటు పొద్దున ఆఫీసుకు ముందు, సాయంత్రం ఆఫీసు అయ్యాక పరిశోధన చేస్తూనే ఉన్నాడు. 1917లో జీతం తగ్గుతుందని తెలిసి కూడా ఆ కొలువు వదిలి ఆచార్య పదవికి మారాడు. 1930లో నోబెల్ వచ్చింది. నాన్న అలమరలోని పుస్తకాలు చెక్క అయితే, ఆ పదేళ్ళ పొద్దులూ సాయంత్రాలూ సాన.

నాకు ఈ సంగతి బోధపడింది మాత్రం పుస్తకాల్లో కాదు. గిరిప్రదక్షిణలో.

ఆషాఢ పౌర్ణమికి ముందురోజు మధ్యాహ్నం కొండ దిగువన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి నడక మొదలుపెడతారు. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్ సముద్రతీరం, ఇసుకతోట, సీతమ్మధార, మాధవధార, గోపాలపట్నం మీదుగా మళ్ళీ సింహాచలం. ఉద్యోగం రాలేదని అలిగి, ఆఖరి మొక్కు అనుకుని నేను నడిచిన ఏడాది అది. వాన పడి వెలిసింది. మాధవధార దగ్గరికి వచ్చేసరికి తెల్లవారుజాము. కాళ్ళు ఇక నావి కావనిపించి రోడ్డు పక్కన అరుగు మీద కూలబడ్డాను. పసుపు చీర కట్టుకుని, చెప్పులు లేకుండా నడుస్తున్న ఒక పెద్దావిడ నా ముందు ఆగింది.

"ఏటి బాబూ, కూలబడిపోనావు?"

"కాళ్ళు లాగేస్తున్నాయమ్మా. ఆటో ఎక్కేద్దామనుకుంటున్నాను."

"లాగుతున్నాయంటే ఉన్నట్టే కదేటి" అంది. తర్వాత చెప్పింది, వాళ్ళాయనకు కిందటేడు నుంచి ఎడమకాలు స్పర్శ లేదట. ఇరవయ్యేళ్ళు ఇద్దరూ కలిసి నడిచారట. "ఈ ఏడు ఆయన మొక్కు కూడా నానే నడుస్తన్నాను. లెగు బాబూ, లెగు."

ఆమె నన్ను తృప్తిపడమనలేదు. మా ఆయనకంటే నువ్వు నయం కదా, సంతోషించు అనలేదు. లెగమంది. ఉన్న కాళ్ళకు చెయ్యాల్సిన పనుంది అని చెప్పింది. లేచాను. గోపాలపట్నం దాకా ఆమె వెనకాలే నడిచాను, ఆ తర్వాత జనంలో కలిసిపోయింది.

ఇంటికెళ్ళి నిద్రపోయి లేచాక ఒక తెల్లకాగితం తీసుకుని మూడు వరసలు గీశాను. మొదటి వరసలో నాకు దక్కినవి. రెండో వరసలో అవి ఎవరి వల్ల దక్కాయో వాళ్ళ పేర్లు. మూడో వరసలో ఈ వారం దాన్ని ఏ మేరకు వాడాను అన్నది. మొదటి రెండు వరసలూ నిండిపోయి కాగితం చాలలేదు. నాన్న ఓవర్‌టైము చేసిన రాత్రులు, అక్క తన చదువు ఆపుకుని నాకు వదిలిన అవకాశం, పుస్తకాలు అరువిచ్చి ఎన్నడూ తిరిగి అడగని మాస్టారు. మూడో వరస దాదాపు ఖాళీ. ఆ ఖాళీని చూస్తే, అప్పన్న మీద ఎందుకు అలిగానా అని సిగ్గేసింది. ఆ తర్వాత ఉద్యోగానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది, అద్భుతమేమీ జరగలేదు. కానీ చదవడానికి కూర్చున్నప్పుడు లేవబుద్ధి కాలేదు. కాగితం మీద ఆ పేర్లు ఎదురుగా ఉండేవి.

మీరూ రాయండి. రెండో వరసలో కనీసం ఒక్క పేరైనా బతికున్న మనిషిదై ఉంటుంది. రాసిన రోజే వాళ్ళకు ఫోను చెయ్యండి, వీలైతే వెళ్ళి కలవండి. మూడో వరసను వారం వారం నింపండి, ఒక్క చెంచాడైనా సరే.

ప్రదక్షిణ రాత్రి ఆ దారి పొడవునా ఊరి జనం మంచినీళ్ళు, పులిహోర పంచుతూ నిలబడతారు. ఆ అరుగు ఉన్నచోటే నేనూ నా స్నేహితులూ ఏటా మజ్జిగ కుండలు పెడుతున్నాం. ఈ ఆషాఢంలో అటుగా నడిచి వస్తే మాధవధార దగ్గర ఒక్క నిమిషం ఆగి, గ్లాసెడు మజ్జిగ తాగి వెళ్ళండి.