టైరు పేలింది, ఇన్సూరెన్స్ ఎవరికి వస్తుంది?

హోసూరు నుంచి కృష్ణగిరి దాకా 44వ నంబరు జాతీయ రహదారి మీద జరిగిన పాత కార్ల ప్రమాదాల ఫైళ్లు ఈమధ్య వరసగా లాయరునైన నా దగ్గరికి వస్తున్నాయి. ఎదురుగా లారీ లేదు, అడ్డంగా మనిషి లేడు. టైరు పేలింది, గాబరాలో బ్రేకు తొక్కారు, బండి గిర్రున తిరిగి డివైడరు ఎక్కింది. దెబ్బలు తగిలింది లోపల కూర్చున్నవాళ్లకే. యజమాని మాట మాత్రం ఎప్పుడూ ఒకటే: "టైరు పేలితే నా తప్పేముంది సార్? ఇన్సూరెన్స్ ఉంది కదా, వాళ్లిస్తారు."

తప్పు సంగతి సుప్రీంకోర్టు 2001లోనే తేల్చింది. కౌష్నుమా బేగం కేసులో ముందు టైరు పేలి బోల్తాపడిన జీపు ఒక మనిషిని బలి తీసుకుంది. డ్రైవరు నిర్లక్ష్యం రుజువు కాలేదని కింది కోర్టుల్లో కొట్టేసిన క్లెయిముకు సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించింది. టైరు పేలడం దైవకృత్యం కాదని 2023లో బొంబాయి హైకోర్టూ అంది. పైగా మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ ఉంది. మామూలు జాగ్రత్తతో కనిపెట్టగలిగిన లోపమున్న బండిని రోడ్డెక్కించి, దానివల్ల ఎవరైనా గాయపడితే మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల జరిమానా.

అసలు ఉచ్చు ఇన్సూరెన్స్ దగ్గరుంది. కారు పాతబడగానే, డబ్బు మిగులుతుందని చాలామంది ఉత్త థర్డ్ పార్టీ పాలసీకి దిగిపోతారు. రోడ్డు మీద పోయేవాడికి అది పనికొస్తుంది. మీ సొంత కారులో ఊరికే ఎక్కించుకున్న చుట్టానికి పనికిరాదు. ప్యాకేజీ (కాంప్రహెన్సివ్) పాలసీలో ప్రయాణికుల బాధ్యత కంపెనీదేననీ, యాక్ట్ పాలసీలో, అంటే ఉత్త థర్డ్ పార్టీలో, కాదనీ బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు 2012లో విడమరిచి చెప్పింది. థర్డ్ పార్టీ అంటే లోపల కూర్చున్న మీవాళ్లు కాదు. ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా ప్రమాదం జరిగాకే చెవికెక్కుతుంది.

మొన్నటి కేసే తీసుకోండి. పదిహేనేళ్లు దాటి రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిన కారు, పెళ్లికి బయల్దేరిన కుటుంబం. శూలగిరి దాటాక వెనక టైరు పేలింది. బావమరిది వెన్ను విరిగింది. అతని భార్య క్లెయిమ్ వేసింది. ఎదుటి పార్టీ కారు యజమాని అయిన బావగారే. పాలసీ చూస్తే థర్డ్ పార్టీ. కంపెనీ తప్పుకుంది, కట్టాల్సింది మా కక్షిదారైన ఆ బావగారే. "ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఇచ్చారు కదా సార్" అంటాడు. ఆ రోజు ముద్ర వేసిన ఆఫీసరు టైరు పక్కకు వంగి చూశాడో లేదో గానీ, కోర్టులో జవాబు చెప్పాల్సింది యజమానే. ప్రమాదం తర్వాత వచ్చిన బ్రేక్ ఇన్‌స్పెక్టరు రిపోర్టు ఒక్క వాక్యం: యాంత్రిక లోపం లేదు. చక్రం విప్పకుండానే!

ఆ టైరుకు గాట్లు బాగానే ఉన్నాయి. నిబంధన ప్రకారం 1.6 మిల్లీమీటర్లు చాలు. కానీ పక్కగోడ మీది నాలుగంకెలు ఎవరూ చదవలేదు. 2314 అంటే 2014లో 23వ వారం తయారైందని. గాట్లున్నా రబ్బరు ముసలిదైపోతుంది. బ్రేకు ఆయిలూ అంతే, తేమ పీల్చుకుని, బాగా వేడెక్కినప్పుడు మరిగి పట్టు వదిలేస్తుంది. 2019 ఏప్రిల్‌కు ముందు తయారైన చాలా చిన్న కార్లకు, బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. టైరు పేలితే బ్రేకు గట్టిగా తొక్కకండి. స్టీరింగు గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటరు వదిలి, బండిని దానంతటదే నెమ్మదించనివ్వండి. టైర్లు మార్చిన, బ్రేకులు చూపించిన బిల్లులు దాచండి. రేపు కోర్టులో జాగ్రత్త పడ్డామని చూపడానికి అవే సాక్ష్యం.

పాలసీ తీసి మొదటి పేజీ చదవండి. 'లయబిలిటీ ఓన్లీ' అని ఉంటే అది థర్డ్ పార్టీయే. ప్యాకేజీకి మార్చమని అడగండి. బండి వయసు చూపి కంపెనీ ఒప్పుకోకపోతే, ప్రయాణికులకు పర్సనల్ యాక్సిడెంట్ కవరైనా కలపమనండి. అది కుదిరేదాకా ఆ కారులో ఇంకొకరిని ఎక్కించుకోవద్దు.